తాడు లాగితే కోసే రంపం

కవిటి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ నాన్నగారి జీడితోట కోసం పెట్రోలు రంపం కొన్నావని తెలిసి సంతోషించాను గానీ, "ఇందులో నేర్చుకునేదేముంది, తాడు లాగితే కోస్తుంది" అన్న నీ మాట చదివాక నిద్ర పట్టక ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చినప్పుడు నేనూ నీలాగే అనుకున్నాను. వేళ్ళతో సహా పెకిలిన ఒక మాను వెనక, వేళ్ళ ముద్ద లేచిపోగా ఏర్పడిన గుంతలో నీడగా ఉందని నిలబడ్డాను. రంపం పట్టిన పెద్దాయన ఇంజను ఆపి, నన్ను నానా మాటలు అని బయటికి రప్పించాడు. మాను తెగి బరువు తొలగిన మరుక్షణమే ఆ వేళ్ళ ముద్ద గుంతలోకి తిరిగి కూలబడింది. పడిన చెట్టు నిలిచిన చెట్టు కంటే జిత్తులమారిదని ఆ రోజు అర్థమయింది. వంగి ఉన్న కొమ్మ కూడా అంతే. దానిలో బిగువు ఏ వైపున ఉందో చూడకుండా కోస్తే, అది విల్లులా లేచి కొడుతుంది.

ఇక రంపం సంగతి. చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీని బార్ అంటారు. ఆ బార్ ముక్కు పై సగం దేనికీ తగలనివ్వకు. తగిలిందా, పళ్ళు కోయలేక కరచుకొని, నువ్వు కన్నార్పేలోపు మిషన్ మొత్తాన్ని నీ ముఖం మీదికి ఎగరేస్తాయి. అందుకే ఎడమచేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ తిప్పి పట్టుకోవాలి, బార్‌కు నేరుగా కాక కాస్త పక్కకు నిలబడాలి, భుజం కంటే ఎత్తులో కోయకూడదు. ముందు పిడి దగ్గర చైన్‌ను ఆపే బ్రేకు పని చేస్తోందో లేదో ప్రతి ఉదయం చూసుకో. లుంగీతో మాత్రం తోటలోకి దిగకు. బూట్లు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మూతలు ఉండాలి.

నా అనుభవంలో ప్రమాదాన్ని ఎక్కువగా పిలిచేది మొద్దుబారిన చైనే. పదునుంటే రంపం తన బరువుతోనే దిగుతుంది, పెచ్చులు రాలుతాయి; పిండిలాంటి పొట్టు రాలుతోందంటే నువ్వు బలం పెట్టి నొక్కుతున్నావన్నమాట, పట్టు తప్పేది అప్పుడే. మన తీరంలో మానులకు అంటిన ఇసుక పూట గడవకముందే పదును తినేస్తుంది. 1940లలో జోసెఫ్ కాక్స్ అనే అమెరికా కూలీ, దుంగను తొలిచే పురుగు లార్వా కుడి ఎడమలకు కొరకడం గమనించి ఈ రకం చైన్‌ను రూపొందించాడట. అందుకే పళ్ళు కుడి ఒకటి, ఎడమ ఒకటిగా ఉంటాయి. నీ చైన్‌కు సరిపోయే గుండ్రటి ఆకురాయిని సుమారు 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటికి మాత్రమే తోస్తూ, రెండు వైపులా సమానంగా రాయాలి. ఒక వైపు ఎక్కువైతే కోత వంకరపోతుంది. నా మొదటి దుంగలన్నీ అరటిపండ్లలా వచ్చాయి! ప్రతి పన్ను ముందుండే చిన్న దిమ్మను మరీ అరగదీస్తే పన్ను లోతుగా కరచి రంపం ఎగిరిపడుతుంది కనుక, దాని ఎత్తు కొలిచే గేజి లేకుండా దాని జోలికి పోకు.

టూ-స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్ కలపకుండా పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. నా మిషన్‌కు లీటరుకు 20 మి.లీ.; నీది పుస్తకంలో చూసుకో. ఇంజను చల్లారాకే ఇంధనం పోసి, మూడు మీటర్లు అవతలికి జరిగి స్టార్ట్ చెయ్యి. వేడి మీద బిగించిన చైన్ చల్లారాక కుంచించుకుపోతుంది కాబట్టి పని ముగియగానే సడలించు. చైన్ ఆయిల్, గాలి ఫిల్టర్ రోజూ చూడు. బార్‌ను అప్పుడప్పుడూ తిరగేస్తే అరుగుదల సమంగా ఉంటుంది. వానాకాలమంతా మిషన్ మూలనపెట్టేటట్లయితే ట్యాంకు ఖాళీ చెయ్యి, ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీలుస్తుంది.

వచ్చే ఆదివారం బస్సులో వస్తున్నాను. అంతవరకు తాడు లాగకు. చైన్, బార్ విప్పి కిరోసిన్‌తో కడిగి ఉంచు. ఆకురాళ్ళు నేను తెస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు