టైర్ సైజ్ మారితే మీటర్ కూడా సెట్ చెయ్యాలె సార్: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్తే సార్. నేను వరంగల్‌ల లారీలు, డీసీఎంల వైరింగ్, మీటర్ల పని చేస్తా. రోడ్ల గురించి, చలాన్ల గురించి మీకు మస్తు లెటర్లు వస్తయి గావచ్చు, నేను మాత్రం డాష్‌బోర్డ్ మీద ఉండే స్పీడోమీటర్ గురించి రాస్తున్న. నా దగ్గరికి వచ్చే బండ్లల్ల టైర్ సైజ్ మార్చినోళ్లు చానా మంది ఉన్నరు, మీటర్ మార్పిచ్చినోళ్లు మాత్రం దాదాపు లేరు. మీటర్ తప్పు చూపిస్తుందన్న సంగతి డ్రైవర్‌కు తెల్వదు, ఓనర్‌కు తెల్వదు, ఫిట్‌నెస్‌కు పోయినా బయటపడ్తలేదు.

చిన్న డీసీఎంకు కంపెనీ 7.50-16 సైజ్ టైర్లు ఇచ్చిందనుకోండ్రి. పత్తి, మిర్చి లోడ్లు కొట్టేటోళ్లు బండి కొంచెం ఎత్తుగ ఉంటది, టైర్ గట్టిగ ఉంటదని అంతకంటె పెద్దయి 8.25-16 వేస్తరు. 7.50 టైర్ ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 2.53 మీటర్లు పోతది, 8.25 అయితే సుమారు 2.70 పోతది, టైర్ కంపెనీని బట్టి కొద్దిగ అటుఇటు. అంటే కిలోమీటర్‌కు 395 చుట్లు తిరగాల్సిన చక్రం 370 చుట్లే తిరుగుతది. కింద ఏ టైర్ ఉన్నదో మీటర్‌కు ఏం తెలుసు సార్, గేర్‌బాక్స్ కాడి సెన్సార్ పంపే పల్సులు, అంటే చక్రం తిరిగినకొద్ది వచ్చే కరెంటు సిగ్నళ్లు లెక్కవెట్టి ముల్లు లేపుతది అంతే, పాత బండ్లల్ల అయితే కేబుల్, పండ్ల చక్రం. అందుకే మీటర్ 60 అంటే బండి 64 మీద ఉంటది, 80 అంటే 85 మీద ఉంటది.

బండి స్పీడ్ హద్దు దాటకుండ ఆపే స్పీడ్ గవర్నర్‌ది కూడా ఇదే కథ. 2015ల కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌ల రూల్ 118 మార్చి గూడ్స్ బండ్లకు 80, డంపర్లకు, ట్యాంకర్లకు, స్కూల్ బస్సులకు 60 దాటకుండ లాక్ పెట్టాలన్నరు, చానా మంచి రూల్. కాని చానా బండ్లల్ల గవర్నర్ కూడా ఆ పల్సులనే నమ్ముకొని పనిచేస్తది. టైర్ పెద్దదయినంక సీల్ చెక్కుచెదరకుండ ఉంటది, 80 కాడ ఆగాల్సిన బండి 85 దాకా పోతది. నాలుగైదు కిలోమీటర్లకు ఏమైతది అని కొందరంటరు. 60 మీద కాకుండ 64 మీద బ్రేక్ కొడితే బ్రేక్ పట్టినంక బండి ఆగే దూరం దాదాపు 14 శాతం పెరుగుతది, ఎందుకంటే ఆ దూరం స్పీడ్‌ను స్పీడ్‌తోటే గుణిస్తే వచ్చే లెక్కన పెరుగుతది. ములుగు దిక్కు ఇసుక లారీల ముందట బడి పిల్లలు సైకిళ్ల మీద పోతుంటరు సార్, వాళ్లకు ఆ నాలుగు కిలోమీటర్లు చిన్నయి కావు.

ఇంకో సంగతి ఉన్నది, నాకు ఎక్కువ బాధ అనిపించేది ఇదే. మీటర్ తక్కువ చూపిస్తే కిలోమీటర్లు కూడా తక్కువ పడ్తయి. హైదరాబాద్ పోయి వస్తే 300 అనుకుందాం, మీటర్ల 281 పడ్తది. 50 లీటర్లు తాగిన బండి లీటర్‌కు ఆరు కిలోమీటర్ల మైలేజ్ ఇచ్చినా ఓనర్ లెక్కల 5.6 ఇచ్చినట్టు వస్తది, ట్రిప్పుకు మూడు లీటర్ల డీజిల్ డ్రైవర్ అమ్ముకున్నడని నింద. మొన్న పత్తి సీజన్‌ల నా షాపు ముందటనే ఇట్లాంటి లొల్లి అయింది. ఓనర్ జీతంల కట్ చేస్తా అంటుండు, డ్రైవర్ పిల్లల మీద ఒట్టు పెడ్తుండు. నేనే ఇద్దరిని బండి ఎక్కిచ్చి ఎన్‌హెచ్ 163 మీద మడికొండ దిక్కు తీసుకపోయిన, కిలోమీటర్ రాళ్లు చూసుకుంట పది కిలోమీటర్లు నడిపిస్తే మీటర్ల 9.4 పడ్డది. ఓనర్ కిందికి దిగి టైర్ మీది సైజ్ నంబర్ చదివిండు. డ్రైవర్ ఏం మాట్లాడలే, సీటు కింద ఉన్న డీజిల్ చిట్టీలు తీసి పాతయి ఒక్కొక్కటి చూసుకుంట కూసున్నడు. ఇట్ల ఎంతమంది జీతాలు కట్ అయినయో సార్.

ప్రతి టైర్ మార్పుకు ఇబ్బంది ఉండది, అది కూడా చెప్పాలె. 10.00-20 తీసి 295/90-20 వేస్తే తేడా ఒకటి రెండు శాతమే, టైర్ అరిగినా అంత తేడా వస్తది, వాళ్లను సతాయించే పని లేదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 58ల ట్రాన్స్‌పోర్ట్ బండి ఆర్‌సీల ప్రతి చక్రానికి ఉన్న టైర్ సైజ్ రాయాలని ఉన్నది. రూల్ 117ల స్పీడోమీటర్ ఉండాలని ఉన్నది. బండికి ఎనిమిదేండ్లు వచ్చేదాక రెండేండ్లకోసారి, తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ ఉన్నది. అన్నీ ఉన్నయి గాని ఆర్‌సీల సైజ్, బండికున్న టైర్, మీటర్ ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చూసుడు నేనైతే ఎన్నడు చూడలే. ఎనుమాముల మార్కెట్ల మిర్చి తూచే కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటది, ఆటో మీటర్‌కు ఉంటది, పది టన్నుల బండి మీటర్‌కు ఎందుకు ఉండొద్దు? యూరప్‌ల లారీలకు స్పీడ్, దూరం రాసిపెట్టే టాకోగ్రాఫ్ అని ఉంటది, టైర్ చుట్టుకొలత మారితే దాన్ని మళ్ల క్యాలిబ్రేట్, అంటే కొలిచి సెట్ చెయ్యాల్సిందే, మారకపోయినా రెండేండ్లకోసారి చెక్ చెయ్యాలె, టైర్ సైజ్, చుట్టుకొలత రాసిన ప్లేట్ బండికి కొడ్తరు.

ఈడ సెట్ చేపిచ్చుకుందామన్నా దారి లేదు. ఒక సర్వీస్ సెంటర్‌కు పంపితే ‘మేమిచ్చిన సైజ్ వేసుకొని రా, అప్పుడు చూస్తం’ అన్నరు. సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గరనే ఉంటది. నాలాంటోడు మీటర్ ముట్టుకుంటే కిలోమీటర్లు వెనక్కి తిప్పిండని అనుమానిస్తరు, చేసిన పనికి ఏ కాగితం ఉండది.

అందుకే అడుగుతున్న, జిల్లాకు ఒక్కటన్నా మీటర్ క్యాలిబ్రేషన్ చేసే గుర్తింపు సెంటర్ పెట్టండ్రి, ఫీజు మీరే ఫిక్స్ చెయ్యండ్రి, చేసినంక పాత రీడింగ్, కొత్త టైర్ సైజ్, చుట్టుకొలత రాసిన సర్టిఫికెట్, అద్దం మీద స్టిక్కర్ ఇయ్యాలె. ఫిట్‌నెస్‌కు వచ్చిన బండిని రోలర్ మీద 40కి, 60కి నడిపి మీటర్, గవర్నర్ రెండూ చూడాలె. ఆర్‌సీల లేని సైజ్ వేసినోళ్లకు మొదటిసారి ఫైన్ కాకుండ సరిచేసుకునే టైమ్ ఇయ్యండ్రి, లేకపోతే భయానికి దాచిపెడ్తరు. రూల్ మార్చుడు ఢిల్లీ చేతుల ఉంటది, దానికి మీరు లెటర్ రాయండ్రి, జిల్లా రవాణా అధికారులకు (డీటీఓలకు) సర్క్యులర్ ఇచ్చుడు మాత్రం మీ చేతులనే ఉన్నది. బొగ్గు, ఇసుక, గ్రానైట్ బండ్లు తిరిగే భూపాలపల్లి, ములుగు, కరీంనగర్‌ల ముందు మొదలువెట్టండ్రి. దసరా అయితే పత్తి బండ్లు రోడ్డెక్కుతయి, ఆలోపు ఆ సర్క్యులర్ వస్తే బాగుంటది సార్.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్, వరంగల్