మా ఇంటికొచ్చిన నర్సమ్మకు కృతజ్ఞతలు

నిన్నటితో మా బాబుకి 3 ఏళ్ళు నిండాయి. పసిబిడ్డలున్న కుటుంబాలకి తోడుగా ఆర్మీ పంపే నర్సమ్మ మా ఇంటికి రావడం కూడా నిన్నటితో ఆఖరు. ఆవిడకి తెలుగు రాదు. అయినా ఈ నాలుగు మాటలూ మన భాషలోనే చెప్పుకోవాలనిపించింది.

మావారు అమెరికా ఆర్మీలో పనిచేస్తారు. కొలరాడోలో ఫోర్ట్ కార్సన్ దగ్గర ఉంటాం. బాబుకి నెల దాటిందో లేదో, ఆయన యూనిట్‌ని 9 నెలలకి పోలండ్ పంపారు. నాన్నకి ఒంట్లో బాగోక అమ్మ మధ్యలోనే విజయవాడ వెళ్ళిపోయింది. నాకు అర్ధరాత్రయ్యేసరికి పోలండ్‌లో పొద్దున 8, ఆయన డ్యూటీలో ఉండేవారు.

ఏడో వారంలో ఒక రాత్రి బాబు 3 గంటలు ఆపకుండా ఏడ్చాడు. పాలు పట్టాను, డైపర్ మార్చాను, భుజాన వేసుకుని తిరిగాను. ఉన్నట్టుండి చూసుకుంటే వాడి రెండు భుజాలూ నా చేతుల్లో బిగిసిపోయి ఉన్నాయి. గట్టిగా కుదిపేయబోయాను. ఏ దేవుడు ఆపాడో, వాణ్ణి తొట్టిలో పడుకోబెట్టి బాత్రూమ్ నేల మీద కూలబడ్డాను. తెల్లారేదాకా నేను పాపిష్టిదాన్ననే అనుకున్నాను.

పొద్దున నా మొహం చూసి, పక్కింటి సైనికుడి భార్య, ఆర్మీ కుటుంబాలకి సాయం చేసే ఆర్మీ కమ్యూనిటీ సర్వీస్ ఆఫీసుకి తనే ఫోన్ కలిపి ఇచ్చింది. ఆమెకీ రుణపడి ఉంటాను. నాకేమో ఒకటే భయం, ఇది రికార్డుకెక్కితే ఆయన ఉద్యోగం ఏమవుతుందో, బిడ్డని తీసుకుపోతారేమో అని. వాళ్ళు పంపిన నర్సమ్మ మొదటి రోజే దాచకుండా చెప్పింది. "ఈ న్యూ పేరెంట్ సపోర్ట్ ప్రోగ్రామ్ మీ ఇష్టం మీదే నడుస్తుంది, డబ్బులేమీ కట్టక్కర్లేదు. బిడ్డకి హాని జరుగుతోందని అనుమానమొస్తే మాత్రం నేను రిపోర్ట్ చెయ్యాల్సిందే." అంత నిక్కచ్చిగా చెప్పాకే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆ రాత్రి సంగతి చెప్తే, "పడుకోబెట్టి పక్కకి వెళ్ళారు చూడండి, అదే సరైన పని" అంది. రెండో నెలలో ఏడుపు బాగా ఎక్కువవుతుందట, 5 నెలలు వచ్చేసరికి దానంతటదే తగ్గుతుందట. పసిబిడ్డని గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చని బొమ్మ గీసి చూపించింది. ఆవిడ చెప్పింది తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించుకున్నాను: "ఆకలి. తడి. జ్వరం. ఇవేవీ కాకపోతే వెల్లకిలా పడుకోబెట్టి బయటికి రా. 10 నిమిషాలు." "ఏడ్చే బిడ్డని వదిలేసి వెళ్తావా?" అని ఫోన్‌లో కోప్పడే అమ్మకి కూడా ఆ కాగితమే చదివి వినిపించాను.

2007లో వచ్చిన ఒక అధ్యయనం గురించి తర్వాత చదివాను. పిల్లల్ని హింసించిన లేదా నిర్లక్ష్యం చేసిన కేసు ఒకటైనా నిర్ధారణైన ఆర్మీ కుటుంబాలను పరిశీలిస్తే, భర్త యుద్ధ విధుల మీద దూరంగా ఉన్నప్పుడు తల్లుల చేతుల్లో పిల్లలకి జరిగే హింస, నిర్లక్ష్యం 3 రెట్లకు పైగా పెరిగాయట. ఒంటరి రాత్రులు ఎంతమంది తల్లుల్ని ఎక్కడిదాకా నెట్టాయో కదా!

ఆయన తిరిగొచ్చిన రోజు బాబు ఆయన్ని చూసి కెవ్వుమన్నాడు. ఆయన మొహం చిన్నబోయింది. అప్పుడూ ఆవిడే వచ్చి, "ఎత్తుకోవద్దు, ముందు నేల మీద కూర్చోండి, వాడే వస్తాడు" అంది. నాలుగో రోజున వచ్చి ఆయన బూటు లేసు పట్టుకున్నాడు.

కడుపుతో ఉన్నవాళ్ళకీ, 3 ఏళ్ళలోపు పిల్లలున్నవాళ్ళకీ ఈ సాయం ఉంది. మెరైన్ కోర్ అనే మరో సైనిక విభాగంలో అయితే 5 ఏళ్ళ దాకా ఇస్తారు. ఆర్మీలో ఉన్న మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరైనా నాలాగే భయపడుతుంటే, దయచేసి అడగండి.

నిన్న బాబు జంతికల డబ్బా తనే ఆవిడ చేతికిచ్చాడు. కారు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడి చెయ్యి ఊపాడు. థాంక్యూ నర్సమ్మా.