పాత బ్యాటరీకి ఎంత తగ్గించాడు?

చి.ల.సౌ. స్వాతికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మొన్న రాత్రి నకిరేకల్ దగ్గర కారు స్టార్ట్ కాలేదనీ, ఎవరో వచ్చి కొత్త బ్యాటరీ వేసి వెళ్లాడనీ నిన్న నవ్వుతూ చెప్పావు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మీ అమ్మ నా వైపు చూసి, "ముప్ఫై ఏళ్లు డిపోలో బ్యాటరీలు మోసిన మనిషి కూతురు!" అంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం వినకుండానే 'సరే నాన్నా' అంటావు.

ఆ అబ్బాయి పాత బ్యాటరీకి వోల్టులు చూపించే మీటర్ పెట్టి చూశాడా? హెడ్‌లైట్లు ఆర్పకుండా హోటల్లోకి వెళ్లి గంటన్నరకి వచ్చానన్నావు. డౌన్ అయిన బ్యాటరీ వేరు, పోయిన బ్యాటరీ వేరు. డౌన్ అయినదానికి జంప్ ఇస్తే, అంటే ఇంకో బండి బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు అందిస్తే, ఇల్లు చేరొచ్చు, మర్నాడు తీరిగ్గా చూపించుకోవచ్చు. అలాగని అతనిదే తప్పనను. నీ బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి, మన ఎండలకి అంతకంటే ఎక్కువ ఆశించకూడదు. మే నెల వేడికి లోపల దెబ్బతింటుంది, ఆ సంగతి డిసెంబరు పొద్దున చలిలో బయటపడుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు బండి స్టార్ట్ చేస్తుంటే సెల్ఫ్ బరువుగా తిరగడం నేను విన్నాను. చెబుదామనుకుని పిండివంటల్లో పడి మర్చిపోయాను. అది నా తప్పే.

కొత్తది వేశాక ఇంజన్ నడుస్తుండగా మీటర్ పెట్టకపోతే మాత్రం పని సగమే అయినట్టు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, 12 కి దిగితే దాదాపు ఖాళీ అన్నమాట. ఇంజన్ నడిచేటప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అంత రాకపోతే ఆల్టర్నేటర్, అంటే ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించేది, బ్యాటరీకి ఛార్జింగ్ ఇవ్వడం లేదన్నమాట. అప్పుడు ఎంత కొత్త బ్యాటరీ వేసినా ఒకటి రెండు రోజుల్లో మళ్లీ రోడ్డు మీదే.

నీది ఆటోమేటిక్ కాబట్టి నలుగురిని పిలిచి తోయించినా స్టార్ట్ కాదు. జంప్ కేబుళ్లు కొని డిక్కీలో పడేయి. ఎర్ర కేబుల్ ముందు నీ బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత ఎదుటి కారు ప్లస్‌కి. నల్లది ఎదుటి కారు మైనస్‌కి. చివరి కొస నీ బ్యాటరీ మీద పెట్టకు, దూరంగా ఇంజన్ మీద రంగు వేయని ఇనుముకి తగిలించు. బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, దాని దగ్గర నిప్పురవ్వ లేవకూడదు.

నా ఎడమ చేతి ఉంగరం వేలి మీద మచ్చ చూశావుగా? ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తొందరపడి మైనస్ విప్పకుండా ముందు ప్లస్ విప్పబోయాను. స్పానర్‌కీ బస్సు బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంది. దాంట్లోంచి కరెంటు పారి క్షణంలో ఎర్రగా కాలింది. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. ఆ రోజు నుంచి డ్యూటీలో ఉంగరం పెట్టుకోలేదు. మీ అమ్మకి ఇప్పటికీ ఆ కోపం ఉంది.

అసలు నాకు నిద్ర పట్టనిది ఇంకొకటి. హోటల్ ముందు ఆగింది కాబట్టి సరిపోయింది. అదే హైవే మధ్యలో ఆగితే? బండిని వీలైనంత ఎడమకి దింపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎరుపు త్రికోణం కనీసం యాభై మీటర్లు వెనక పెట్టు. తర్వాత కార్లో కూర్చోకు, రెయిలింగ్ అవతలికి వెళ్లి నిలబడు. ఆ రోడ్డు మీద రాత్రి లారీలు ఎలా వస్తాయో నీకు నేను చెప్పాలా! జాతీయ రహదారి మీద ఎక్కడున్నా 1033 కి చేస్తే పెట్రోలింగ్ బండినో క్రేన్‌నో పంపుతారు. భయం అనిపిస్తే 112.

నీ ఇన్సూరెన్స్ కాగితాల్లో 'రోడ్‌సైడ్ అసిస్టెన్స్' అని ఒక లైను ఉంది, చూశావా? దానికి విడిగా డబ్బు కట్టావు. జంప్ ఇవ్వడం, పంక్చర్‌కి స్టెప్నీ మార్చడం, కదలని బండిని లాక్కెళ్లడం లాంటివి అందులో వస్తాయి. బ్యాటరీ ఖరీదు మాత్రం మనదే. ఎన్ని కిలోమీటర్ల వరకు లాగుతారో చదువుకుని, ఆ నంబరు ఫోన్లోనే కాదు, కాగితం మీద రాసి డాష్‌బోర్డులో కూడా పెట్టు. బ్యాటరీతో పాటు ఫోనూ అయిపోయే రోజు ఒకటి వస్తుంది.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను, మీటర్ తెస్తాను. మీ అమ్మ ఆవకాయ కూడా ఇస్తోంది. అంతలోపు వారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర ఉన్నాయో లేదో చూసి ఉంచు. లేకపోతే ఆ షాపుకి ఇద్దరం కలిసి వెళ్దాం.

ఇట్లు,
మీ నాన్న

తా.క.: పాత బ్యాటరీ అతనే పట్టుకెళ్లాడన్నావు. లోపల సీసం ఉంటుందమ్మా, ఊరికే ఇవ్వరు. బిల్లులో దానికి ఎంత తగ్గించాడో చూసి చెప్పు.