తీరిక లేని రోజుల్లో పుస్తకం: పాఠకుల సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక ప్రశ్న అడిగాం. గడిచిన నెలలో ఒక్క పుస్తకమైనా పూర్తి చేసినవారు చేతులు ఎత్తమన్నాం. లేచిన చేతులు చాలా తక్కువ. పుస్తకాల మీద ప్రేమతో చేరినవాళ్లం, చందాలు కట్టి బీరువాలు నింపినవాళ్లం, చదవడానికి మాత్రం వేళ చిక్కడం లేదని ఆ రోజు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఈ సంవత్సరం కార్యక్రమాలన్నిటినీ ఆ ఒక్క సమస్య చుట్టూ నడపాలని కార్యవర్గం నిర్ణయించింది అందుకే.

ముందుగా మేము చేసిన పొరపాటు చెప్పాలి. మొదటి మూడు నెలలూ లెక్కలతో గడిపాం. పెద్దలు ఇంగ్లీషు కథేతర రచనలను మనసులో చదువుకునే వేగం సగటున నిమిషానికి 238 పదాలని 2019లో మార్క్ బ్రైస్‌బార్ట్ అనే పరిశోధకుడు పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి తేల్చారు. తెలుగుకు ఈ అంకె సరిపోదు. మన పదాలు విభక్తులనూ సంధులనూ వెంటబెట్టుకుని సాగుతాయి, ఇంగ్లీషులో మూడు నాలుగు పదాలు పట్టే భావం మనకు తరచుగా ఒక్క పదంలో ఇమిడిపోతుంది. అందుకని పదాలు వదిలి పేజీలు పట్టుకున్నాం. గడియారం ఎదురుగా పెట్టుకుని చదివితే సాధారణ నవల పది పేజీలకు మాలో ఎక్కువమందికి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు పట్టింది. రోజుకు పది పేజీలంటే ఏడాదికి 3,650 పేజీలు. పుస్తకం 250 పేజీలనుకుంటే 14 పుస్తకాలు పూర్తయి, ఇంకా కొన్ని పేజీలు మిగులుతాయి. ఈ అంకె చూసి అందరికీ ఉత్సాహం పొంగింది. ఎవరు ఎన్ని పూర్తి చేశారో రాసే పట్టిక ఒకటి గోడకు తగిలించాం.

పట్టిక చేసిన హాని నెల తిరక్కుండానే కనిపించింది. బీరువాలో సన్నని పుస్తకాలు ఖాళీ అయ్యాయి. ఎన్నాళ్లుగానో ఒక పెద్ద నవల చదవాలని కోరుకుంటున్న సభ్యురాలు దాన్ని తెరిచి, పేజీల సంఖ్య చూసి, మళ్లీ అరలో పెట్టేశారు. వెనుకబడినవారు సమావేశాలకు రావడం మానుకున్నారు. ఇష్టంగా చేసే పనిని లెక్క అప్పగించే పనిగా మార్చిన బాధ్యత కార్యవర్గానిదే, అందుకు సభ్యులందరికీ క్షమాపణ చెప్పుకుంటున్నాం. నాలుగో నెలలో పట్టిక తీసేశాం.

అయితే ఆ మూడు నెలల్లో సభ్యులు రాసుకున్న నోటు పుస్తకాలు వృథా పోలేదు. వాటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఈ ఏడాదికంతటికీ విలువైన సంగతి బయటపడింది. ఆదివారం మూడు గంటలు కూర్చుని చదివినవారికంటే, రోజూ పావుగంట చదివినవారు పుస్తకంలో ముందుకు సాగారు. వారం మొత్తం మీద చూస్తే ఇద్దరూ వెచ్చించిన కాలంలో పావుగంటవారిదే తక్కువ. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఆరు రోజుల తర్వాత పుస్తకం తెరిచినవారు ఈ పాత్ర ఎవరు, ఆ ఉత్తరం ఎవరు రాశారు అంటూ వెనక్కి తిరగేసుకోవడానికే మొదటి అరగంట ఖర్చు చేస్తున్నారు. అప్పటికి అలసట వస్తుంది, ఇంట్లో ఎవరో పిలుస్తారు, ఆదివారం అయిపోతుంది. రెండు మూడు వారాలు ఇలా జరిగితే ఆ పుస్తకం బల్లమీదే దుమ్ము పట్టిపోతుంది. మనలో చాలామంది తీరిక లేక చదవడం లేదని అనుకుంటున్నాం. నిజానికి మనల్ని ఎక్కువగా దెబ్బతీస్తున్నది రెండు చదువుల మధ్య పెరిగిపోయే ఎడం అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఈ ఎడాన్ని తగ్గించడానికి వచ్చిన ఉపాయం ఒక సభ్యుడిది. ఆయన రాత్రి విధులు చేస్తారు, ఏ రోజు ఏ వేళకు నిద్రపోతారో ఆయనకే తెలియదు. పుస్తకం మూసే ముందు ఒక చీటీ మీద ఒకే వాక్యం రాసి ఆ పేజీలో పెడతారు: 'తమ్ముడు ఇంటికి తిరిగొచ్చాడు, అక్కకు ఇంకా తెలియదు.' అంతే. మళ్లీ తెరిచినప్పుడు ఆ వాక్యం చదివి నేరుగా కథలోకి వెళ్లిపోతారు. ఇంకో అలవాటు కూడా ఆయన చెప్పారు. అధ్యాయం చివర ఆపరు, సన్నివేశం మధ్యలో ఆపుతారు. అధ్యాయం ముగిస్తే మనసు కూడా తలుపు వేసుకుంటుందట. మేమంతా ఈ చీటీ పద్ధతి మొదలుపెట్టాం. గ్రంథాలయంలో ప్రతి పుస్తకంలోనూ ఖాళీ చీటీలు పెట్టి ఇస్తున్నాం. తిరిగొచ్చిన పుస్తకాల్లో ఎవరో మరచిపోయిన చీటీ కనిపించినప్పుడు, ఆ చదివినవారి పక్కన కాసేపు కూర్చున్నట్టు ఉంటుంది నాకు.

పుస్తకం మనతో పాటు తిరగాలన్నది రెండో ప్రయత్నం. ఇది కొత్త ఆలోచన కాదు. 1501లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు ప్రాచీన రోమన్ కవి వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే చిన్న ప్రతిగా అచ్చు వేశాడు. అటువంటి కావ్యాలు అంతకుముందు చాలావరకు బల్లమీద పరుచుకుని చదవవలసిన పెద్ద ప్రతులు. చదివేవాడు పుస్తకం దగ్గరికి వెళ్లనవసరం లేకుండా చేసిన మనిషిగా ఆయనను తలచుకోవాలి. మన సంచిలో చిన్న పుస్తకం ఒకటి ఉంటే బస్సు కోసం నిలబడే పది నిమిషాలు, వైద్యుడి గది బయట కూర్చునే అరగంట మనవవుతాయి. ఫోనులో ఈ-పుస్తకం పెట్టుకున్నవారూ ఉన్నారు. అదే తెర మీద సందేశాలు వచ్చి పడుతుంటాయి కనుక ఆ కాసేపు వాటిని ఆపేసుకున్నవారికే ఇది పనికొచ్చింది.

చేతులు ఖాళీ లేనివారి సంగతి వేరు. చంటిపిల్లల తల్లులు, మంచం పట్టిన పెద్దలను చూసుకునేవారు, వాహనం నడిపేవారు మన సంఘంలో ఉన్నారు. రోజూ పావుగంట చదవండి అని వారికి సలహా ఇవ్వడం వారి కష్టం తెలియకపోవడమే. వారి కోసం శ్రవణ పుస్తకాల జాబితా తయారు చేశాం. వినడం చదవడమేనా అని ఒక సమావేశంలో గట్టి వాదన జరిగింది. 1865 నుంచి క్యూబాలో చుట్టలు చుట్టే కార్మికులు తమలో ఒకరిని ఎత్తు బల్లమీద కూర్చోబెట్టి పత్రికలూ నవలలూ చదివించుకున్నారు. చదివేవాడి కూలిని తమ కూలిలోంచే తలా కొంత వేసుకుని ఇచ్చారు. కష్టపడి సంపాదించిన కూలిలో వాటా ఇచ్చి కథ విన్న ఆ మనుషులను పాఠకులు కాదనడానికి నాకు నోరు రాదు. మా సభ్యురాలొకరు జబ్బుతో ఉన్న తల్లికి రోజూ సాయంత్రం నాలుగు పేజీలు పైకి చదివి వినిపిస్తున్నారు. తాను చదవడానికి వేళ లేదని బాధపడిన మనిషే ఆ విధంగా ఏడాదిలో రెండు నవలలు పూర్తి చేశారు.

నెలకొక మౌన పఠన సభ జరిపాం. ఉపన్యాసం లేదు, చర్చ లేదు. అందరం ఒక గదిలో గంటసేపు ఎవరి పుస్తకం వారు చదువుకోవడమే. ఇంట్లో చదువుతూ కూర్చుంటే ఖాళీగా ఉన్నారనుకుని పని చెబుతారనీ, సభకు వెళుతున్నానంటే ఎవరూ ఆపరనీ కొందరు చెప్పారు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

గ్రంథాలయ విషయానికి వస్తే, గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయమంటుంది. దాన్ని మనసులో పెట్టుకుని అరలు మార్చాం. ఒక్క కూర్చోవడంలో ముగిసే కథలకూ వ్యాసాలకూ గుమ్మం పక్కనే ప్రత్యేకంగా ఒక అర పెట్టాం. నచ్చని పుస్తకాన్ని సగంలో తిరిగివ్వవచ్చు, ఎవరూ కారణం అడగరు. చదవడానికి ఇష్టం లేక, వదలడానికి మనసొప్పక పెట్టుకున్న ఒక్క పుస్తకం మిగతా చదువునంతా ఆపేస్తుంది. ఈ నియమం వచ్చాక ఇంట్లో నెలల తరబడి ఆగిపోయిన పుస్తకాలు చాలా తిరిగొచ్చాయి, వాటి స్థానంలో వేరేవి వెళ్లాయి.

జమాఖర్చుల పత్రాన్ని కోశాధికారి విడిగా పంపుతారు. బీరువా మరమ్మతు ఈసారి వాయిదా పడింది. వచ్చే ఏడాది పైకి చదివి వినిపించడానికి ముందుకొచ్చే సభ్యుల బృందం ఒకటి ఏర్పాటు చేయాలని అనుకుంటున్నాం. చూపు తగ్గిన పెద్దల ఇళ్లకు వారానికి ఒకసారి వెళ్లి చదవాలి. పేర్లు కార్యాలయంలో ఇవ్వగలరు.

సర్వసభ్య సమావేశానికి ప్రస్తుతం మీరు సగంలో ఉన్న పుస్తకాన్ని, అందులోని చీటీతో సహా తీసుకురండి. మొదటి గంట మౌన పఠనం. లెక్కలూ ఎన్నికలూ ఆ తర్వాత.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి