ద్రాక్ష పాడయ్యేది మా ఫ్రిజ్‌లో కాదు

సంపాదకులు గారికి,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ద్రాక్షను నెల రోజులు తాజాగా ఉంచుకునే చిట్కాలంటూ అరపేజీ వేశారు. ఉద్యాన శాఖ నుంచి ఒక్క అధికారైనా రెండు ముక్కలు రాసి సరిదిద్దుతారేమోనని ఇన్నాళ్లు చూశాను. ఎవరూ రాయలేదు. వాళ్లు పేపర్ చదువుతారో లేదో కూడా అనుమానమే. సగం జీవితం అనాబ్-ఎ-షాహీ రకం ద్రాక్ష పందిళ్ల కింద గడిపినవాణ్ని కాబట్టి ఇక నేనే రాస్తున్నాను.

పండ్లు ఇంటికి తేగానే ఉప్పునీళ్లలో కడిగి, గుత్తి నుంచి ఒలిచి, గాలి చొరబడని డబ్బాలో పెట్టి మూత బిగించాలట. ద్రాక్షను త్వరగా కుళ్లబెట్టాలనుకునే వాళ్లకు ఇంతకన్నా మంచి సలహా దొరకదు. పండును గుత్తి నుంచి లాగితే తొడిమ దగ్గర తోలు చిట్లి రసం ఊరుతుంది. దానికి తడి తోడై, పైన మూత కూడా బిగిస్తే బూజుకు ఇంకేం కావాలి? పండు మీద కనిపించే తెల్లటి పొర పురుగుమందు అని కూడా రాశారు. అది పండుకు సహజంగా వచ్చే మైనం. లోపలి నీరు ఆవిరైపోకుండా కాపాడేది అదే. కోతకు వచ్చిన ఆడవాళ్లను మేము పండు తాకనిచ్చేవాళ్లం కాదు. కాడ పట్టుకుని కత్తెర వేయాల్సిందే. వేలు తగిలిన చోట పొర చెరిగి నిగనిగలాడే మచ్చ పడేది, ఆ మచ్చ చూపించి వ్యాపారి ధర తగ్గించేవాడు. మందు కొట్టిన పండు మీద ఆ మందు కొంత మిగిలి ఉండొచ్చు, ఆ భయం నాకూ ఉంది. అందుకే తినే ముందు కడుక్కోవాలి. దాచే ముందు కాదు.

ఇంట్లో చేయగలిగింది కొంచెమే. చితికిన పండ్లను కత్తెరతో తీసేసి, గుత్తిని గుత్తిగానే, కడగకుండా, చిల్లులున్న కవర్‌లో ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే అరలో పెట్టాలి. పక్కన ఉల్లిపాయలు, వెల్లుల్లి ఉండకూడదు, ద్రాక్షకు వాసన పట్టేస్తుంది. దీనికి అరపేజీ, దాని మీద రంగుల ఫొటో ఎందుకో నాకు అర్థం కాలేదు. పుల్లటి ద్రాక్షను కాగితంలో చుట్టి పెడితే తియ్యబడుతుందని రాసిన మహానుభావులు ఎవరో గాని, వారికి మామిడికీ ద్రాక్షకూ తేడా తెలియదు. తీగ నుంచి తెగిన ద్రాక్షకు ఆ తర్వాత తీపి ఎక్కదు. పులుపుగా కోస్తే పులుపుగానే వాడిపోతుంది. ఈ విషయంలో మా రైతుల తప్పూ ఉంది. సీజన్ మొదట్లో ధర బాగుందని, పండులో తీపిని కొలిచే బ్రిక్స్ 16 కూడా దాటకుండానే కోసేవాళ్లు ఉన్నారు. తూకం కోసం కోతకు ముందు రోజు కూడా నీళ్లు కట్టేవాళ్లు ఉన్నారు. అలాంటి పండు పగిలి, మెత్తబడి, రెండు రోజులకే రసం కారుతుంది. సైజు కోసం జిబ్బరెల్లిక్ మందు అతిగా వాడితే కాడ మొద్దుబారి, గుత్తి ఎత్తగానే పండ్లు జలజలా రాలిపోతాయి.

కానీ అసలు సంగతి గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు. ద్రాక్ష ఎన్నాళ్లు నిలుస్తుందన్నది కోసిన మొదటి కొన్ని గంటల్లోనే తేలిపోతుంది. నాసిక్ వెళ్లి చూడండి. పొద్దున మంచు ఆరాక కోత, అక్కడి నుంచి నేరుగా ప్యాక్‌హౌస్, వెంటనే ప్రీకూలింగ్ గదిలో పెట్టి పండును 4 డిగ్రీలకో ఇంకా కిందికో దించుతారు. ఆపైన నిల్వ అంతా సున్నా డిగ్రీల దగ్గర, గాలిలో తేమ 90 నుంచి 95 శాతం. బూడిద రంగు బూజు ఆ చలిలో కూడా మెల్లగా పెరుగుతుంది కాబట్టి ప్రతి పెట్టెలో సోడియం మెటాబైసల్ఫైట్ ఉన్న కాగితం ఒకటి పరుస్తారు. తేమ తగలగానే అది సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వదులుతుంది, మొదట కాస్త ఎక్కువగా, తర్వాత వారాల తరబడి కొద్దికొద్దిగా. మోతాదు మించితే తొడిమ దగ్గర పండు తెల్లగా పాలిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్ పడదు కూడా, ఆ మాట పెట్టె మీద అందరికీ కనబడేలా రాయాలి. ఇంత పద్ధతి ఉంది కాబట్టే నాసిక్ పండు ఓడలో వారాలు ప్రయాణించి రాటర్‌డామ్‌లో పచ్చని కాడతో దిగుతోంది. 2024లో ఎర్ర సముద్రం గొడవతో ఓడలు ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి వెళ్లాల్సి వచ్చినప్పుడు కూడా ఎగుమతి ఆగలేదు.

మరి మన బజారుకు వచ్చే ద్రాక్ష? సోలాపూర్ నుంచో విజయపుర నుంచో ప్లాస్టిక్ క్రేట్లలో, పైన పాత పేపర్ కప్పుకుని రాత్రంతా లారీలో వస్తుంది. (ఆ పేపర్లలో మీదీ ఉంటుంది లెండి.) తెల్లారాక క్రేట్లు ఎండలోనే దింపుతారు. హమాలీ ఒకదాని మీద ఒకటి విసురుతాడు. వేలం అయ్యేసరికి కాడ గోధుమ రంగు తిరుగుతుంది. తోపుడుబండి అతను మెరుపు కోసం మధ్యాహ్నం దాకా నీళ్లు చల్లుతూనే ఉంటాడు. అతణ్ని తిట్టి లాభం లేదు, అతనికి నిలబడటానికే నీడ లేదు. అలాంటి పండును తెచ్చుకున్న ఇల్లాలికి మీరు డబ్బా మూత బిగించమని చెప్తారు!

2010లో, తీగ ఎదుగుదలను అదుపు చేయడానికి కొట్టే క్లోర్‌మెక్వాట్ మందు అవశేషాలు ఉన్నాయని యూరప్ మన ద్రాక్షను తిప్పికొడితే ఇక్కడ ఎంత హడావుడి జరిగిందో గుర్తుంది. పరీక్షలు కఠినం చేశారు. యూరప్ వెళ్లే పండు ఏ తోటలో కోశారో, ఏ ల్యాబ్‌లో పాసైందో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. విదేశాల వాళ్లు తినే పండుకు ల్యాబ్ రిపోర్టు, మనం తినే పండుకు ఉప్పునీళ్ల చిట్కా.

కోల్డ్ స్టోరేజీలు లేవా అంటే బోలెడన్ని ఉన్నాయి, మిర్చికి. గుంటూరు చుట్టూ ఎటు చూసినా అవే. మిర్చి పొడిగా ఉండాలి, ద్రాక్షకు తేమ కావాలి. రెండింటినీ ఒకే గదిలో పెట్టలేం. ఈ చిన్న తేడా తెలియని ఒక అధికారి మీటింగ్‌లో ‘స్టోరేజీ ఖాళీగా ఉంది, రైతులే వాడుకోవడం లేదు’ అన్నారు. ప్రీకూలింగ్ గది కావాలని మేము అడిగితే ప్రతిపాదన పంపమన్నారు. పంపాం. ఫైలు కదులుతోందన్నారు. అది కదులుతుండగానే మా చుట్టుపక్కల తోటలు పోయాయి. నేనూ పందిరి రాళ్లు పీకించాను. అక్కడ ఇప్పుడు ప్లాట్లు ఉన్నాయి, వెంచర్ పేరులో మాత్రం ద్రాక్ష ఉంది. 2020లో వ్యవసాయ మౌలిక వసతుల నిధి అని లక్ష కోట్లు ప్రకటించారు, 2 కోట్ల దాకా అప్పుకు వడ్డీలో 3 శాతం రాయితీ. సంతోషం. కానీ రెండెకరాల రైతు ఒక్కడే చల్లగది కట్టుకోగలడా? కట్టాల్సింది మార్కెట్‌లో. ఆ హైదరాబాద్ పండ్ల మార్కెట్‌ను గడ్డిఅన్నారం నుంచి కోహెడకు తరలిస్తే 2020 వేసవిలో గాలివానకు షెడ్లు కూలిపోయాయి. తర్వాత గడ్డిఅన్నారం నుంచి బాటసింగారం అన్నారు, మళ్లీ కోహెడే అంటున్నారు. కొత్త మార్కెట్ ప్లాన్‌లో షాపులు ఎన్ని, రోడ్లు ఎంత వెడల్పు అని రోజూ వార్తలు చదువుతున్నాం. పండును చల్లబరిచే గదులు ఎన్ని, ఎన్ని టన్నులకు అని మీ విలేకరి ఒక్కసారైనా అడిగారా?

రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. మీ ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ చేస్తే ఆ వ్యాసంలో ఉన్నవాటిలో సగం తప్పులు వచ్చేవి కావు. ఒకప్పుడు రేడియోలో వ్యవసాయ కార్యక్రమం వినే రైతు, చెప్పింది తప్పయితే ఉత్తరం రాసేవాడు, వాళ్లు మరుసటి వారం చదివి జవాబు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో వీడియో చూసి పేజీ నింపేస్తున్నారు.

దిద్దుబాటు వేసే ఉద్దేశం ఉంటే అది ఆదివారం అనుబంధంలోనే, ఆ చిట్కాలు వచ్చిన పేజీలోనే వేయండి. లోపలి పేజీలో టెండర్ నోటీసుల పక్కన మూలకు వేస్తే, డబ్బా మూత బిగించినవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

– ఒక మాజీ ద్రాక్ష రైతు, మేడ్చల్ జిల్లా