మంత్రిగారూ, ముందు ఆ రిజిస్టరు తీయించండి

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

కాలేజీల్లో కౌన్సెలర్లుగా పనిచేస్తున్న మేము నమస్కరించి రాసుకునేది.

ఇంతకుముందు ఇచ్చిన వినతిపత్రాలకు ‘పరిశీలిస్తాం’ అన్న మాట తప్ప మీ పేషీ నుంచి ఏమీ రాలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం. విశాఖ విద్యార్థిని మృతి కేసులో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు మీకు తెలియనివి కావు. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండి తీరాలని అందులో ఉంది. చాలా కాలేజీలు ఒక గది చూపించి, తలుపుకు బోర్డు తగిలించి, పని అయిపోయిందనిపించాయి. పిల్లలు ఆ తలుపు దాటి రావడం లేదు. ఎందుకని అడిగితే ‘అవగాహన లేక’ అంటున్నారు. అవగాహన లేక కాదండీ. వస్తే ఏం జరుగుతుందో బాగా తెలిసే రావడం లేదు.

ఆ గదిలో బల్ల మీద ఒక పొడవాటి రిజిస్టరు ఉంటుంది. క్రమసంఖ్య, పేరు, రోల్ నంబరు, బ్రాంచి, సమస్య, సంతకం. కొత్తగా వచ్చిన విద్యార్థి సంతకం పెట్టడానికి వంగితే పై వరుసలన్నీ కనిపిస్తాయి. తన క్లాసువాడి పేరు, దాని ఎదుట ‘డిప్రెషన్’. సీనియర్ అమ్మాయి పేరు, దాని ఎదుట ‘ఇంట్లో గొడవలు’. రేపు తన పేరునూ ఇంకొకరు ఇలాగే చదువుతారని ఆ క్షణంలోనే అర్థమవుతుంది. ‘సమస్య’ గడిలో ‘చదువు మీద ఏకాగ్రత’ అని రాసి, రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోతారు. మళ్లీ రారు.

ఈ రిజిస్టరు ఎందుకుందంటే, తనిఖీకి వచ్చే కమిటీ సాక్ష్యం అడుగుతుంది కాబట్టి. కమిటీ సభ్యులు పేజీలు తిప్పుతారు, జిరాక్సు తీయిస్తారు, అది ఫైల్లో చేరి గుమాస్తా బల్ల మీదకు వస్తుంది. తన మానసిక ఆరోగ్యం, చికిత్స వివరాలు గోప్యంగా ఉండటం రోగి హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ఆ హక్కుకు గండి పడుతున్నది తనిఖీ పేరుతోనే.

దీనికి పైసా ఖర్చు లేని మార్గం ఉంది. విద్యార్థికి ఒక కోడ్ నంబరు ఇవ్వాలి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా కౌన్సెలర్ దగ్గర తాళం వేసిన బీరువాలో, నోట్సుతో కలపకుండా విడిగా ఉండాలి. కమిటీకి నెలవారీ అంకెలు మాత్రమే వెళ్లాలి. అందులోనూ ఒక జాగ్రత్త కావాలి. ఏదైనా విభాగం నుంచి వచ్చినవారు ఐదుగురి కంటే తక్కువైతే ఆ విభాగం పేరు వేయకూడదు. ఇరవై మంది చదివే కోర్సులో ‘ఒక విద్యార్థిని, రెండో సంవత్సరం’ అని రాస్తే పేరు రాసినట్టే.

గది సంగతీ చెప్పాలి. ప్రిన్సిపల్ చాంబర్ పక్కన, ప్లైవుడ్ పార్టిషన్ కట్టి ఇస్తున్నారు. లోపల ఏడిస్తే బయట బెంచీ మీద కూర్చున్నవారికి వినిపిస్తుంది. గోడ శ్లాబు దాకా ఉండాలి, తలుపుకు అద్దం ఉండకూడదు. లైబ్రరీ వైపో, అందరూ ఏదో ఒక పని మీద తిరిగే చోటో గది ఉంటే అటు నడిచేవారిని ఎవరూ ప్రత్యేకంగా చూడరు. ఒక్కొక్కరికి 50 నిమిషాలు, మధ్యలో పది నిమిషాల ఖాళీ ఉంచితే వెళ్లేవారికి వచ్చేవారు ఎదురుపడరు.

అన్నిటికంటే బాధ కలిగించేది ‘ఇన్‌ఛార్జి కౌన్సెలర్’ ఏర్పాటు. కౌన్సెలర్‌ను నియమించకుండా, పాఠం చెప్పే లెక్చరర్‌కే అదనపు బాధ్యత అప్పగిస్తున్నారు. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి ముందు కూర్చుని ‘నాకు బతకాలని లేదు సార్’ అని ఏ పిల్లవాడు చెబుతాడు? చెప్పినా, ఆ లెక్చరర్ కంగారుపడి తల్లిదండ్రులకు ఫోన్ చేస్తారు, సాయంత్రానికి హాస్టల్ అంతా పాకుతుంది. ప్రాణాపాయం ఉంటే ఇంట్లో చెప్పాల్సిందే, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలపై లైంగిక నేరమైతే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. ఈ హద్దులు మొదటి రోజే, ఇంకేమీ మాట్లాడకముందే విద్యార్థికి చెప్పి, ఎవరికి ఏది చెబుతామో కూడా వాళ్లకు తెలిసేలా చేయాలి. శిక్షణ లేనివారికి ఈ వరసే తెలియదు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కోర్టు చెప్పింది కదా, అది ఎక్కడ జరుగుతోందో దయచేసి కనుక్కోండి. ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టవుతుందని ఇప్పటికీ నమ్మే అధ్యాపకులు ఉన్నారు. అలా జరగదు, అడగాలి.

హాజరు తగ్గితే మినహాయింపు కోసం మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు. సైకియాట్రిస్టు ఇచ్చిన కాగితం మీద జబ్బు పేరు ఉంటే అది ఆఫీసులో నాలుగు చేతులు మారుతుంది. డిప్రెషన్‌కు మందులు మొదలుపెట్టాక గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే విద్యార్థి క్లాసుకు రాలేడు, ఆ రోజుల్లోనే ఈ కాగితం తిరుగుతుంది. పేరు బయటపడుతుందన్న భయంతో సర్టిఫికెట్ పెట్టకుండా ఏడాది పోగొట్టుకునేవారు ఉన్నారయ్యా. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అనారోగ్యమో ఉంటే చాలు, జబ్బు పేరు అక్కర్లేదని ఒక్క సర్క్యులర్ ఇవ్వలేరా?

ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని అక్టోబరు 10న ర్యాలీలు, ఫ్లెక్సీలు, ప్రతిజ్ఞలు జరుగుతూనే ఉన్నాయి. పోస్టరు వల్ల మానసిక జబ్బులపై చిన్నచూపు పోదు. జబ్బు నుంచి కోలుకున్న మనిషిని ఎదురుగా చూసి మాట్లాడితే తగ్గుతుందని 2022లో లాన్సెట్ వైద్య పత్రిక వేసిన కమిషన్ కూడా తేల్చింది. వెయ్యి మందిని ఆడిటోరియంలో కూర్చోబెట్టే బదులు, ముప్పై మంది క్లాసుకు తన అనుభవం చెప్పడానికి ఇష్టపడే ఒకరిని పిలిపించండి, ప్రశ్నలు అడగనివ్వండి. ఒకసారితో సరిపెట్టకుండా ప్రతి సెమిస్టరులో చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు నోటీసు బోర్డు మూలన చిన్న అక్షరాల్లో వద్దు. హాస్టల్ బాత్రూం తలుపు లోపలివైపు అతికించండి. అక్కడైతే నంబరు రాసుకుంటుంటే ఎవరూ చూడరు.

మానసిక రుగ్మతల్లో ఎక్కువ భాగం 24 ఏళ్లలోపే మొదలవుతాయి. అంటే మీ శాఖ కింద ఉన్న పిల్లల వయసులోనే. కొత్త పథకం అడగడం లేదు, నిధులు కూడా తర్వాత చూద్దాం. పూర్తికాలపు కౌన్సెలర్ల నియామకం ఎప్పటికో చెప్పండి. ఈలోగా వచ్చే తనిఖీకి ముందే రిజిస్టరులో పేరు, రోల్ నంబరు, సమస్య గడులు తీసేయమని ఉత్తర్వు ఇవ్వండి. పాత రిజిస్టర్లను ఆఫీసు అల్మారాల్లోంచి తెప్పించి సీలు వేయించండి. చేతులెత్తి అడుగుతున్నాం.

ఇట్లు,
కాలేజీ కౌన్సెలర్లు