యార్క్ పేరు ఎందుకు లేదు?

సంపాదకుల వారికి,

అమెరికా సైనికాధికారులు లూయిస్, క్లార్క్ తమ దళంతో మిస్సోరీ నది వెంట పడమరగా పసిఫిక్ తీరం దాకా చేసిన యాత్ర మీద ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. 1803లో అమెరికా ఫ్రాన్స్ దగ్గర, ఆ దారిలోని లూయిసియానా అనే విశాల ప్రాంతాన్ని కోటీ యాభై లక్షల డాలర్లకు కొన్నదని రాశారు. ఆ నేల మీద తరతరాలుగా బతుకుతున్న మాండన్ వంటి ఆదివాసీ తెగలను ఎవరూ ఒక మాట అడగలేదు. అదీ రాయాల్సింది.

ఆ యాత్రలో దుబాసీగా వెళ్లిన ఆదివాసీ మహిళ సకాజవియాను ఒక్క వాక్యంతో సరిపెట్టారు. రెండు నెలలు నిండని పసిబిడ్డతో 1805 ఏప్రిల్‌లో బయల్దేరిన తల్లి ఆమె. మే నెలలో మిస్సోరీ నదిలో పడవ ఒరిగి నీళ్లు నిండుతుంటే, కొట్టుకుపోతున్న సామాన్లను ఒక్కొక్కటే ఒడిసిపట్టింది.

యార్క్ పేరైతే అసలే లేదు. అతను క్లార్క్ బానిస. ఆ నవంబరులో పసిఫిక్ తీరాన చలికాలం మకాం ఎక్కడ వేయాలని అందరినీ అడిగినప్పుడు అతని మాటా రాసుకున్నారు. 1806లో తిరిగొచ్చాక సైనికులకు రెట్టింపు జీతం, 320 ఎకరాల చొప్పున భూమి దక్కాయి. యార్క్‌కు దమ్మిడీ ఇవ్వలేదు. విడుదల చేయమంటే క్లార్క్ ఒప్పుకోలేదు. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వచ్చే ఆదివారం అతని గురించి నాలుగు ముక్కలైనా వేయండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం